సోలార్ ప్లాంట్‌లో నైట్ డ్యూటీ తెల్లకుక్కలది

అమెరికాలో సోలార్ ఉద్యోగం అనగానే ఏసీ గది, రెండు స్క్రీన్లు ఊహించుకుంటారు మనవాళ్ళు. నేను పనిచేసే పశ్చిమ టెక్సాస్ ప్లాంట్‌లో ప్యానెళ్ళ కింద గడ్డి పెరగకుండా చూసేది గొర్రెలు, ఆ గొర్రెల్ని కాసేది గ్రేట్ పిరనీస్ అనే తెల్లకుక్కలు, ఆ కుక్కల మూడ్ ఎలా ఉందో చూసుకుని ఇన్వర్టర్ దగ్గరికి వెళ్ళేది మేము. మేకల్ని మాత్రం రానివ్వరు, కేబుళ్ళు కొరుకుతాయి, ప్యానెళ్ళ మీదికి ఎక్కుతాయి.

పేరులోనే ఉంది, ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్యనున్న పిరనీస్ కొండల కుక్క ఇది. తోడేళ్ళూ ఎలుగుబంట్లూ తిరిగే చోట మంద మధ్యలోనే పుట్టి పెరిగిన జాతి. కుక్క జాతుల్ని నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1933లోనే గుర్తించినా చాలాకాలం ఇక్కడ ఇళ్ళలోనే ఎక్కువ కనిపించేది. 1972లో ప్రభుత్వ భూముల్లో కొయోటీలకి (గొర్రెల్ని తినే, నక్కలాంటి అడవి జంతువులు) విషం పెట్టడాన్ని అప్పటి అధ్యక్షుడు నిక్సన్ నిషేధించాక, గొర్రెల రైతులకి వేరే దారి కావాల్సొచ్చి, ఇలాంటి కాపలా కుక్కల వైపు చూడడం మొదలైంది. అంటే మాలాగే ఇదీ ఇక్కడ మనుషులు చాలని పనికి పైదేశం నుంచి దిగిందే అనుకోండి, వీసా టెన్షన్ ఒక్కటే లేదు.

మగది 45 కిలోలు దాటుతుంది. కానీ దాని బలం కన్నా నన్ను ఆశ్చర్యపరిచింది దాని పద్ధతి. మనం లోపలికి వెళ్తే మీదికి రాదు, మనకీ మందకీ మధ్యలోకి వచ్చి నిలబడుతుంది, మొరుగుతుంది, మనం పక్కకి జరిగితే అదీ జరుగుతుంది. మంద చూసుకునే పెరూ కాపరి (ఆయనది వ్యవసాయ పనులకిచ్చే హెచ్-2ఎ వీసా, నాది హెచ్-1బి) చెప్పిన కిటుకు ఒక్కటే: కళ్ళలోకి చూడకు, మందకి ఎదురు నడవకు, నీ పని నువ్వు చేసుకో. పిలిస్తే వస్తుందా అంటే, ఆలోచించుకుంటుంది. రాత్రంతా యజమాని లేకుండా సొంతంగా నిర్ణయాలు తీసుకోవడానికే తరతరాలుగా పెంచిన కుక్క, మన మాటకి ఎందుకు పరిగెత్తుకొస్తుంది?

కుక్కపిల్లని ఎనిమిది వారాల వయసు నుంచే గొర్రెల మధ్య ఉంచితే వాటినే తనవాళ్ళనుకుంటుంది. అయినా కుర్ర వయసులో గొర్రెపిల్లల్ని ఆటకి తరుముతుంది, పూర్తిగా నమ్మాలంటే రెండేళ్ళు ఓపిక పట్టాలి. దాని తిండి గొర్రెలు తినెయ్యకుండా, అవి దూరలేని చిన్న కంచెలో పెడతారు.

ఎండాకాలం కదా, బొచ్చు గొరిగేస్తే పాపం హాయిగా ఉంటుందనిపిస్తుంది. అస్సలు చెయ్యకూడదు. పైన గరుకు బొచ్చు, లోపల మెత్తటిది, రెండు పొరలు; లోపలిది దువ్వి తీసేస్తే చాలు, పైపొర ఎండ నుంచి కాపాడుతుంది. నీడ, నీళ్ళు ఉంటే మిగతాది అదే చూసుకుంటుంది, ప్యానెల్ కింద మట్టి తవ్వుకుని చల్లటి గుంటలో పడుకుంటుంది. వెనక కాళ్ళకి లోపలివైపు రెండేసి అదనపు వేళ్ళుంటాయి, అవి నేలకి తగలవు కాబట్టి గోళ్ళు అరగవు, కత్తిరించకపోతే వంకర తిరిగి చర్మంలోకి దిగిపోతాయి. కాపరి సాయంత్రం దాన్ని పక్కకి పడుకోబెట్టి ముందు ఆ గోళ్ళు, తర్వాత వేళ్ళ సందుల్లో పల్లేరుకాయలు చూస్తాడు. అవును, మన పల్లేరే, ఇక్కడ కూడా ఉంది! దోమల వల్ల గుండెలో పురుగులు చేరకుండా నెలనెలా మందు వెయ్యాలి, అది మానకూడదు.

ఫోటోలు పెడితే డాలస్ ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే ప్రశ్న, మేమూ ఒకటి తెచ్చుకోవచ్చా అని. టౌన్‌హోమ్‌లో అయితే వద్దు బాబూ. పగలు నిద్రపోయి రాత్రి మొరగడం దాని డ్యూటీ, పక్కింటివాళ్ళు హెచ్‌ఓఏకి (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం) కంప్లయింట్ పెడతారు. కంచె సరిగ్గా లేకపోతే నాలుగు వీధులూ తన హద్దే అనుకుని వెళ్ళిపోతుంది. స్థలం, గట్టి కంచె, ఓపిక మూడూ ఉన్నాయంటే కొనక్కర్లేదు, టెక్సాస్ రెస్క్యూ వాళ్ళ దగ్గర ఇలా తెచ్చుకుని వదిలేసినవి బోలెడు.