అద్దె దండగ అనుకుని ఇల్లు కొన్నాను

అద్దె దండగ అనే మాట మా ఇంట్లో ఎంతగా నాటుకుపోయిందంటే, 2021లో హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాట్ చూసినప్పుడు నేను ఒక్క లెక్క కూడా వేయలేదు. అద్దె 18,000, ఈఎంఐ 38,000. "ఇంకో 20 వేలు వేసుకుంటే ఇల్లు మీదైపోతుంది కదా అల్లుడూ" అన్నారు మామగారు. సరే అనేశాను.

ధర 68 లక్షలు. ఓసీ, అంటే నిర్మాణం పూర్తయి నివాసానికి అనుమతి పత్రం, వచ్చిన ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ లేదు. ఈసీ (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యాజమాన్య పత్రాలు) లాయరు చూసిపెట్టారు. దెబ్బ రిజిస్ట్రేషన్ దగ్గర తగిలింది. ఆషాఢంలో వద్దని శ్రావణం దాకా ఆగాం. సరిగ్గా ఆ మధ్యలోనే, జులై 22 నుంచి, తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 6 శాతం నుంచి 7.5కి పెరిగింది. చలానా 5 లక్షల 10 వేలు. ముహూర్తానికే లక్ష వదిలిందన్నమాట! కప్‌బోర్డులు, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ అంటూ ఇంకో 7 లక్షలు.

లోను 50 లక్షలు, 6.8 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలనెలా 38,167 కట్ అవుతుంటే నేను నిశ్చింతగా ఉన్నాను.

2023 ఏప్రిల్‌లో ఏదో పని మీద లోన్ స్టేట్‌మెంట్ తెరిచాను. 2022 మే నుంచి ఆర్బీఐ రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5కి తీసుకెళ్లింది. దాంతోపాటే నా వడ్డీ 9.3 అయింది. బ్యాంకు ఈఎంఐ పైసా మార్చకుండా గడువు పెంచేసింది కాబట్టి నాకు తెలియనే లేదు. ఆ నెల కట్టినదాంట్లో 37 వేల పైచిలుకు వడ్డీకే పోయింది. అసలులో వెయ్యి రూపాయలు కూడా తగ్గలేదు. ఆ లైను రెండుసార్లు చదివాను. లెక్క కట్టి చూస్తే అప్పు తీరేసరికి నాకు 77 ఏళ్లొస్తాయి.

మర్నాడే బ్రాంచికి వెళ్లి ఈఎంఐ 45,500 చేయించుకున్నాను. అడిగితేనే చేశారు. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలో గడువు పెంచాలో అప్పు తీసుకున్నవాళ్లకే వదిలేయమని ఆ ఆగస్టులో ఆర్బీఐ బ్యాంకులను ఆదేశించింది. అప్పటికే నా టెన్షన్ నేను పడిపోయాను.

2025లో మా ఫ్లోర్‌లోనే పక్క ఫ్లాట్ 92 లక్షలకు అమ్ముడుపోయింది. "చూశారా, 24 లక్షల లాభం" అన్నారు మామగారు. ఈసారి మాత్రం కాగితం తీశాను. నాకు పడింది 68 కాదు, 80. అంటే తేడా 12. నాలుగేళ్లలో కట్టిన వడ్డీ 16 లక్షలు, మెయింటెనెన్స్ 2 లక్షలు. అద్దె కట్టక్కర్లేక మిగిలింది 9 లక్షల పైన. కొత్త పన్ను విధానంలో ఉన్నాను కాబట్టి సొంతంగా ఉంటున్న ఇంటికి వడ్డీ మినహాయింపూ లేదు. నికరంగా తేలింది మూడున్నర లక్షలు. నేను చేతి నుంచి పెట్టిన 30 లక్షలు ఎఫ్‌డీలో పడి ఉన్నా అంతకన్నా ఎక్కువే వచ్చేది.

వడ్డీ కూడా అద్దే కదా, కాకపోతే ఓనరు బ్యాంకు. ఈ సంగతి నాకు అప్పుడెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అయినా ఇల్లు అమ్మను. పాప స్కూలు ఇక్కడే, 11 నెలలకోసారి ఓనరు మొహం చూసే పని లేదు. మామగారు చెబుతున్న రెండో ఫ్లాట్ మాత్రం కొనను.

2025 జూన్ నాటికి రెపో ఒక శాతం తగ్గింది. ఈఎంఐ తగ్గించమంటారా అని బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. వద్దు, గడువు తగ్గించండి అన్నాను.