ఉరికొచ్చేటోళ్ల పక్షాన

పిల్లకు ఒళ్లు వెచ్చవడితే చాలు, మీ ఇండియావాళ్లు ఎమర్జెన్సీకి ఉరికొస్తరని, దేశం నుంచి తెచ్చుకున్న మందు ఎంత పోసిన్రో కూడ చెప్పరని మొన్న మా అమెరికా దవాఖానల డ్యూటీ మారేటప్పుడు తోటి నర్సు ఓ మాట అనేసింది. ఉరికొస్తరు, కాదనను. హన్మకొండల గల్లీ చివర ఆర్‌ఎంపీ ఉంటడు, చౌరస్తాల మందుల దుకాణం ఉంటది, అదీ దాటితే ఎంజీఎం సర్కారు దవాఖాన ఉండనే ఉన్నది. అర్ధరాత్రి ఈ అమెరికాల ఇంటికీ ఎమర్జెన్సీకీ నడుమ ఏమున్నది?

రాకుంటే ఏమైతదో కరోనా వచ్చిన 2020ల చూసినం. ఆ ఏప్రిల్‌ల ఈ దేశంల ఎమర్జెన్సీకి వచ్చేటోళ్లు అంతకుముందు ఏడాదికంటే 42 శాతం తగ్గితే, పదేండ్లలోపు పిల్లలు 72 శాతం తగ్గిండ్రు. కొంత మంచికే. బడులు బందైతే జలుబులు అంటుకోలే, ఆటల చేతులు ఇరగలే. మిగిలింది, దవాఖానకు పోతే కరోనా అంటుకుంటదనే భయం. అపెండిక్స్ పగిలినప్పుడు నొప్పి కాసేపు తగ్గినట్టే ఉంటది. తల్లి హమ్మయ్య అనుకుంటది. తెల్లారేసరికి కడుపు చెక్కలెక్క గట్టిపడతది. షుగరూ అంతే: ఊకె దూప, ఎప్పుడో మానిన పక్కతడుపుడు మళ్ల మొదలు, ఆఖరుకు వాంతులు, లోతు ఊపిరి. జర్మనీల 2020 మార్చి నడుమ నుంచి మే నడుమ దాక కొత్తగ షుగరు బయటపడ్డ పిల్లల నూటికి 45 మంది రక్తం ఆమ్లమైనంకనే దవాఖానకు చేరిండ్రు; 2019ల 25 మందే.

 

అందుకే మనోళ్లను రావద్దని నేను చెప్ప. మూడు నెలలు నిండని పాపకు 100.4 డిగ్రీలుంటే ఆగొద్దు. డొక్కలెగరేస్తున్నా, ఎనిమిది గంటలు డైపర్ తడవకున్నా అంతే.

ఒక్క కాడ మాత్రం ఆమెదే కరెక్టు: సూట్‌కేసుల తెచ్చుకున్న జ్వరం మందు సీసా. మన పారాసిటమాల్ 5 ఎం.ఎల్.కు 250 మిల్లీగ్రాములదీ ఉంటది, 125దీ ఉంటది, ఇక్కడిది 160. పది కిలోల పిల్లకు 150 చాలు. అంటే 250 సీసాలకెళ్లి 3 ఎం.ఎల్., ఇక్కడి సీసాలకెళ్లి 4.7. అమ్మమ్మ ఫోన్‌ల "ఓ మూత పొయ్యి బిడ్డా" అంటది. ఏ సీసా, ఏ మూత? ఎంత పోసిన్రో మేం అడిగితే ఎవరికీ చెప్పరాదు. వచ్చేటప్పుడు సీసా, మూత రెండూ సంచిల ఏసుకొని రాండ్రి.