దొరసానికి ధర కట్టించాను

మా మావయ్య ఓడల మీద పనిచేసేవాడు. 1974లో ఫ్రాన్స్‌లోని మార్సేయ్ రేవులో దిగినప్పుడు కొన్న బొమ్మ ఒకటి విశాఖ లాసన్స్ బే కాలనీలో వాళ్ల హాల్లో గోడకి, ఫ్రేములో ఉండేది. వంగి బూటు రిబ్బను కట్టుకుంటున్న బ్యాలే డ్యాన్సర్. అత్తయ్య దాన్ని దొరసాని అనేది. ఆ ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేసినప్పుడు దొరసాని మా ఇంటికొచ్చింది.

"సంతకం ఉందక్కా, లక్షలు పలుకుతుంది" అన్నాడు తమ్ముడు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. సంతకం కూడా బొమ్మతో పాటే అచ్చయి ఉండొచ్చు. అసలు మొత్తం ప్రెస్సులో గుట్టలుగా అచ్చేసే ఆఫ్‌సెట్ పోస్టరే అయ్యుండొచ్చు.

కురుపాం మార్కెట్‌లో మాకు తెలిసిన కంసాలి దగ్గరికి పట్టుకెళ్లి, నగలు చూసే భూతద్దం అడిగాను. ముందు ఆయనే కంటికి పెట్టుకున్నారు. "చుక్కలేం లేవమ్మా, సన్న ఇసక జల్లినట్టుంది." నాకు కావలసిన మాట అదే. ఆఫ్‌సెట్‌లో రంగు చుక్కలు వరస తప్పకుండా కనిపిస్తాయి. లితోగ్రాఫ్ అనే రాతి అచ్చులో అయితే రాయి మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తారు. రాయిని తడిపితే సిరా ఆ జిడ్డుకే అంటుకుంటుంది, రాతి గరుకు కాగితం మీదికి దిగుతుంది. డ్యాన్సర్ మడమ కింద నీడంతా ఆ గరుకే.

ముంబైలో ఒక వేలం సంస్థకి ఫొటోలు పంపితే, ఫ్రేము విప్పి, వెనకవైపు కూడా తీసి పంపమన్నారు. తుప్పు మేకులు పీకి, బొమ్మ చుట్టూ ఉన్న అట్ట ఎత్తాను. ఎడమవైపు కింద పెన్సిల్‌తో 48/120! అంటే నూట ఇరవై ప్రతుల్లో నలభై ఎనిమిదోది. ఇన్నేళ్లూ అట్ట కిందే దాగుంది. టార్చి పక్కనుంచి వేస్తే సంతకం పెన్సిల్ గీత మెరిసింది, కాగితం కాస్త నొక్కుకుపోయి ఉంది. అంటే అచ్చు కాదు, చేత్తో పెట్టిన సంతకమే. కిటికీ వెలుగుకి పట్టుకుంటే ఆర్ష్ అనే ఫ్రెంచి కాగితం మిల్లు ముద్ర కనబడింది.

సంతోషం ఎంతోసేపు లేదు. పాత ఫ్రేములో పట్టడానికి పై అంచు అంగుళం మేర కోసేశారు. చుట్టూ అట్టలోని ఆమ్లం కాగితాన్ని తినేసిన గోధుమ గీత, వెనక సెల్లోటేపు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి గోడ నానినప్పటి నుంచీ పెరిగిన మచ్చలు సరేసరి.

వేలంలో ముప్పై నుంచి నలభై వేలు పలకొచ్చన్నారు ముంబై వాళ్లు. అంచు కొయ్యకుండా, మచ్చల్లేకుండా ఉంటే దాదాపు రెట్టింపట. ఇన్సూరెన్స్‌కి రాసే విలువ దీనికంటే ఎక్కువే ఉంటుందని, రెండూ కలపొద్దని చెప్పారు. తమ్ముడు మళ్లీ ఆ మాటెత్తలేదు.

బ్రెడ్డు ముక్కతో రుద్దమని ఒకరు, బ్లీచింగ్ అని ఇంకొకరు. ఎవరి మాటా వినకపోవడమే ఈ వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని. కాగితాలు బాగుచేసే కన్సర్వేటర్‌కే ఇచ్చాను. టేపు పీకే ప్రయత్నం కూడా చెయ్యలేదు. రెండు నెలల తర్వాత మచ్చలు పలచబడి వచ్చాయి, పూర్తిగా పోలేదు. ఇంకా కడిగితే కాగితం బలం పోతుందన్నారావిడ. ఆమ్లం లేని అట్ట వేసి, బొమ్మని పైన మాత్రమే జపాన్ కాగితపు పట్టీలతో, గోధుమ గంజితో నిలిపారు. తేమకి కాగితం సాగడానికి చోటుండాలి కదా. అద్దం బొమ్మకి తగలదు. ఈసారి నంబరు కూడా కనిపించేలా అట్ట కోయించాను.

తేమ మీటరు కొని హాల్లో పెడితే ఆగస్టులో 84 శాతం చూపించింది. సముద్రం పక్కన ఇంకేం చూపిస్తుంది! బయటి గోడ వద్దనుకుని, ఎండ పడని లోపలి గోడకి తగిలించాను. గాలాడటానికి ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు ముక్కలు అంటించాను.

మొన్న అత్తయ్య వచ్చి దగ్గరగా చూసింది.

"ఇదేంటే, దొరసానికి హాల్ టికెట్ నంబరు వేయించావా?"