బాగేపల్లిలో సంగటి పొయ్యి

అనంతపురం నుంచి బెంగళూరు పోయే బస్సు కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయి, జనం నోట మాత్రం మన తెలుగే. బాగేపల్లిలో దిగి, ఆటోలో ఒక పల్లెకు చేరేసరికి ఏడైంది. దారి పొడుగునా బోడి గుట్టలే. బండల సందుల్లో అక్కడక్కడా తంగేడు పొదలు. ఆ గుట్టల మీద పెరిగిందంతా తరతరాలుగా పొయ్యిల్లోకే పోయింది.

నేను వెళ్ళింది గోబర్ గ్యాస్ చూడటానికి. ఇక్కడి కూలీ సంఘం పల్లెల్లో 5,500 ప్లాంట్లు కట్టించాలని పూనుకుంది. ఒక్కోటి 2 ఘనపు మీటర్లది. కట్టెలు, కిరోసిన్ మానేస్తే తగ్గే కార్బన్ పొగను లెక్కగట్టి, ఆ తగ్గింపును విదేశాలకు అమ్మడం, ఆ డబ్బును ప్లాంట్లకు వాడటం. భూమి వేడెక్కకుండా దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద 2005లో నమోదైన పథకమిది. ఎప్పుడో చదివాను. వంటింట్లో ఎలా నడుస్తోందో కళ్ళారా చూడాలని ఇన్నాళ్ళకు వచ్చాను.

నేను వెళ్ళిన ఇంటి అక్క అప్పటికే పేడ తొట్లో వేసి, పేడకు సమానంగా నీళ్ళు పోసి, మోచేతుల దాకా ముంచి పిసుకుతోంది. గడ్డిపరకలు ఏరి అవతల పడేస్తోంది.

"గడ్డి పోతే లోపల తెట్టు కడతాదన్నా, గ్యాసు సరిగా రాదు."

అడుగున గుడ్డ కుక్కిన కంత తెరవగానే పేడనీళ్ళు గుడగుడమని భూమిలోని గుమ్మటంలోకి జారిపోయాయి. కాసేపటికి అవతలి గుంతలోకి పాత మడ్డి పొంగింది. ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాను, పేడ వాసన దాదాపు లేదు. అది దిబ్బలోకి, దిబ్బ నుంచి వేరుశనగ చేనుకు పోతుందట.

నా అనుమానమల్లా సంగటి గురించే. రాగిపిండి గట్టిపడేటప్పుడు తెడ్డుతో ఎంత బలంగా కెలకాలో సీమలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చిన్న పొయ్యి ఆ ఊపుకు ఆగదు. ఈమె పొయ్యిని గట్టు మీద పెట్టలేదు. నేల మీదే, చుట్టూ మట్టితో మెత్తి కూర్చోబెట్టింది. పీట మీద కూర్చుని, గుడ్డతో కుండ అదిమిపట్టి కెలికింది. పొయ్యి కదల్లేదు. దించిన కుండ అడుగు తడిమితే వేలికి మసి అంటలేదు. పొయ్యిలు పంచేవాళ్ళు ముందు ఆ ఇంట్లో ఏం వండుతారో, ఎలా కూర్చుని వండుతారో అడగాలని నాకు గట్టిగా అనిపించింది.

"ముందు వారానికి మూడుసార్లు గుట్టకు పోతాంటిమి. పొద్దున పోతే మద్యాన్నానికి మోపు దిగేది" అంది ముద్ద కడుతూ.

పక్కింట్లోనూ ప్లాంటు ఉంది. తొట్టి ఎండి, బీటలు వారింది. దాని మీద బండ కప్పి ఉంది. వానల్లేని ఏడు మేత కొనలేక ఆవుల్ని సంతకు తోలేశారు. పేడ లేక గ్యాసు ఆగింది. సిలిండర్ ఉంది గానీ, నింపించే డబ్బు అన్ని నెలలూ చేతిలో ఉండదు. ఆ ఇంటామె కొడవలి, తాడు తీసుకుని బయల్దేరుతోంది.

"ఆవు వచ్చినాక రా అన్నా, మా ఇంట్లోనూ చూద్దువు" అని గుట్ట వైపు సాగింది.