హార్స్‌లీ కొండ మీద నాలుగు పిగిళ్లు

డిసెంబరు రెండో వారం. మదనపల్లె వైపు నుంచి ఘాట్ రోడ్డెక్కి, సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ కొండకు చేరేసరికి చీకటి పడింది. పిట్టలను చూసి, విని గుర్తుపట్టే పని మర్నాడు తెల్లవారుజామున, బస గది వెనక పెరట్లోనే మొదలైంది.

చలికాలంతో ఒక చిక్కుంది. వేసవిలో తెల్లారకముందే కొమ్మ చివరికెక్కి పాడే పెద్ద నల్లంచి (మ్యాగ్‌పై రాబిన్) ఇప్పుడు పొద కింద నుంచి "చ్‌ర్ర్" అని కసురుతుంది, అంతే. ఫోన్లో పాటలు విని సిద్ధమై వచ్చినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. జతకట్టే కాలపు పాట వేరు, ఏడాది పొడుగునా వినిపించే పిలుపు వేరు. డిసెంబరు ప్రయాణానికి పిలుపులు నేర్చుకుని రావాలి.

కంచెలో రెండు గొంతులు. ఒకటి "టువిట్ టువిట్ టువిట్" అని ఆగకుండా, బొటనవేలంత ఒంట్లోంచి ఇంత చప్పుడా అనిపించేలా. అది టైలర్ పిట్ట: తుప్పురంగు నెత్తి, ఆకుపచ్చ వీపు, నిక్కబొడుచుకున్న తోక. రెండోది నాలుకతో అంగిలి మీద కొట్టినట్టు "చక్... చక్", మధ్యమధ్య ఆగుతూ. అది చలికాలానికి వలసొచ్చే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. ఒళ్లంతా మట్టిరంగే, చెప్పుకోదగ్గ గుర్తేమీ లేదు. దీన్ని కంటితో వెతకడం దండగ, చెవితోనే పట్టాలి.

పొగమంచులో 8×42 బైనాక్యులర్ పట్టుకున్నా బొమ్మ మసకగానే ఉందంటే తప్పు మంచుది కాకపోవచ్చు. కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి సరిచేయాలి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడి గొట్టం మీది రింగు తిప్పి కుడికంటికి సరిచేయాలి. ఈ రెండో మెట్టు చాలామంది వదిలేస్తారు. అప్పుడు దూరాన ఉన్న పిట్ట రెక్క మీది గీతలు కలిసిపోతాయి.

పూల మీద తేనెపిట్టలు. ఒకదానికి కింద అంతా పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా నల్లచార. ఆడది కాదు, కొత్త జాతీ కాదు. ఊదా తేనెపిట్ట మగదే, జతకట్టే కాలం దాటాక మెరుపులు రాల్చుకుని ఈ వేషంలో తిరుగుతుంది. పక్కనే బూడిద తెలుపు గొంతు, పసుపు పొట్ట ఉన్నది ఊదానడుము తేనెపిట్ట ఆడది. గొంతు కూడా పసుపైతే ఊదా తేనెపిట్ట ఆడది.

ఇక పిగిళ్లు, అంటే బుల్‌బుల్ పిట్టలు. కనబడగానే తల వైపు కాదు, తోక మొదలు కింద చూడాలని నా పట్టుదల. అక్కడ ఎరుపైతే రెండింట్లో ఒకటి. నల్ల తల, పొట్టి జుట్టు, ఎగిరినప్పుడు నడుం మీద తెల్ల మచ్చ కనిపిస్తే మామూలు పిగిలిపిట్ట. కొనదేరి నిటారుగా నిలిచిన జుట్టు, తెల్ల చెంప, కంటి వెనక ఎర్ర చుక్క ఉంటే రెండోది, తురక పిగిలి. పిల్లలకు ఆ ఎర్ర చుక్క ఉండదు, జుట్టు ఆకారమే ఆధారం.

తోక కింద పసుపైతే అసలు పరీక్ష. లాంటానా పొద లోపల ఇరుకు మూతి సీసాలోంచి నీళ్లు వంచినట్టు ఒక్కసారిగా గలగలమని, వెంటనే నిశ్శబ్దం. అది పొద పిగిలి. అరిచిన చోటికి పరిగెత్తితే దొరకదు. అయిదు నిమిషాలు కదలకుండా నిలబడితే తెల్ల కనుబొమ ఒక్క క్షణం బయటికొస్తుంది.

నాలుగోదాని కోసమే ఈ కొండకు రావడం: పసుపు గొంతు పిగిలి. దక్షిణ భారతంలో, బండరాళ్ల మధ్య తుప్పలున్న కొండల్లో తప్ప ఎక్కడా ఉండదు. 1845లో దీన్ని లోకానికి పరిచయం చేసిన బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసినవాడే. ఎన్నో పిట్టలకు తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. దీని గొంతు పొద పిగిలికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చప్పుడు విని పేరు రాసేయకూడదు. ఫోన్లో పిట్టల గొంతులు గుర్తుపట్టే మెర్లిన్ యాప్ చెప్పినా సరే. పైగా ఇలాంటి చోట ఆకుపచ్చ జెర్డన్ ఆకుపిట్ట పిగిళ్ల గొంతునూ ఏట్రింత (నల్ల డ్రాంగో) గొంతునూ అచ్చు దింపేస్తుంది. రికార్డింగు వినిపించి రప్పించడం మాత్రం వద్దు: పసుపు గొంతు పిగిలి అంతరించే ముప్పున్న జాబితాలోది, తిండి మానుకుని గొంతు వచ్చిన వైపు తిరుగుతుంది.

కొండ మీది గాలిబండ అనే చోట 7:40కి బండల సందులోని మర్రి మొలక మీద ఒకటి వాలింది. కనుబొమ గీత లేదు, తల పచ్చపసుపు, గొంతు నిండు పసుపు, రొమ్ము బూడిద. ఎగిరినప్పుడు తోక అంచుకు లేత పసుపు. లోయ వైపు బండ కింద నుంచి ఇంకో గొంతు బదులు పలికింది. 8 దాటాక గాలి లేచి, చప్పుళ్లన్నీ చెదిరిపోయాయి. నోటుబుక్కులో మొదటిదాని ఎదురుగా టిక్కు, కనబడని రెండోదాని ఎదురుగా ప్రశ్నార్థకం.