మార్చి శనివారం, సెంటర్ల గొడవ

పొద్దున్నంతా ఉతికిన బట్టలు మడతపెట్టడం, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చి సర్దడంతో గడిచిపోయింది. మధ్యాహ్నం అమ్మాయిని బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుకు దింపి, గ్యాలరీ మెట్ల మీద కూర్చున్నాను. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో మేముండే కేరీలో, కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నీ జరిగే మార్చి నెలంటే ఇదే లోకం. ఒకవైపు డర్హమ్‌లో డ్యూక్, పక్కనే చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా, ఇటు రాలీలో ఎన్.సి. స్టేట్, మూడూ విశ్వవిద్యాలయాలే. మూడింటికీ అరగంట ప్రయాణం. ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని నెత్తికెత్తుకోకుండా ఈ ప్రాంతంలో కాపురం చేయడం కష్టం.

జట్టులో అందరికంటే పొడగరి కాబట్టి ఈ ఏడాది మా అమ్మాయిని సెంటర్ స్థానంలోకి, అంటే రింగు దగ్గర ఆడే చోటికి, మార్చారు. దానికది నచ్చలేదు. దూరం నుంచి బాస్కెట్లు వేయడం సరదా. రింగు కింద నిలబడి మోచేతి పోట్లు తినడంలో సరదా ఏముంది? ఇవాళ కోచ్ ఒక మెత్తటి దిండులాంటిది పట్టుకుని వెనక నుంచి నెడుతుంటే, ఇది మోకాళ్లు వంచి, వీపు ఆనించి, రెండు చేతులూ నిటారుగా పైకెత్తి కదలకుండా నిలబడాలి. నెట్టినప్పుడల్లా బూట్లు కీచుమనేవి. నాలుగోసారికి అంగుళం కూడా జరగలేదు. నేను చప్పట్లు కొడితే నావైపు గుడ్లురిమి చూసింది.

పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వారు. జట్టులో ఒకమ్మాయికి తాతగారు, చాపెల్ హిల్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. "కాలేజీ ఆటలో సెంటర్లందరిలో గొప్పవాడెవరంటావు?" అని అడిగారు. మార్చిలో ఇక్కడ ఈ ప్రశ్న వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడుగుతారు. ల్యూ ఆల్సిండర్ అన్నాను తడుముకోకుండా. తర్వాతి కాలంలో కరీం అబ్దుల్ జబ్బార్‌గా లోకమంతా ఎరిగిన మనిషే. పెద్దాయన అడ్డంగా తలూపి "బిల్ వాల్టన్" అన్నారు.

ఇద్దరిదీ లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఏ. విశ్వవిద్యాలయం, ఇద్దరికీ గురువు కోచ్ జాన్ వుడెనే. ఆల్సిండర్ ఆడిన మూడేళ్లలో జట్టు 88 ఆటలు గెలిచి రెండే ఓడింది. 1967, 68, 69 మూడేళ్లూ జాతీయ టైటిల్ వాళ్లదే, మూడుసార్లూ ఫైనల్ ఫోర్‌లో, అంటే చివరి నాలుగు జట్ల పోరులో, ఉత్తమ ఆటగాడు అతనే. వాల్టన్ లెక్క 86 గెలుపులు, నాలుగు ఓటములు, రెండు టైటిళ్లు. కాగితం మీద వాదన అక్కడితో అయిపోవాలి. పెద్దాయన కాగితానికి లొంగే రకం కాదు.

1974లో గ్రీన్స్‌బరోలో సెమీఫైనల్‌ను ఆయన కళ్లారా చూశారట. యు.సి.ఎల్.ఏ. రెండో అదనపు సమయంలో 7 పాయింట్లు ముందుండి కూడా, డేవిడ్ థామ్సన్ ఉన్న ఎన్.సి. స్టేట్ చేతిలో 80-77 స్కోరుతో ఓడిన రాత్రి. వాల్టన్ ఓడిన రాత్రిని చూసొచ్చి వాల్టన్‌కే ఓటు వేసే మనిషితో వాదించడం ఎలా? లేచి నిలబడి చేతులతో చూపించారు: రీబౌండ్ (గురి తప్పి వెనక్కొచ్చిన బంతి) అందుకోవడం, గాలిలోనే నడుము తిప్పడం, పాదాలు నేలకు ఆనేలోపు బంతి సగం కోర్టు దాటి తన జట్టువాడి చేతిలో పడటం. డెబ్బై దాటిన మనిషి మెట్ల మీద అలా తిరుగుతుంటే పడిపోతారేమోనని నేను చెయ్యి అడ్డం పెట్టాను. "సెంటర్ అంటే బాస్కెట్లు వేసేవాడు కాదు, ఆట మొదలుపెట్టేవాడు" అన్నారు కూర్చుంటూ.

దానికి తోడు 1973 ఫైనల్ ఉండనే ఉంది. మెంఫిస్ స్టేట్ మీద వాల్టన్ 22 షాట్లు వేస్తే 21 పడ్డాయి, 44 పాయింట్లు. ఒక్క రాత్రిని బట్టి తీర్పు చెప్పమంటే నేనూ నోరు మూసుకుంటాను. ఫైనల్లో అలాంటి ఆట అంతకుముందు లేదు, తర్వాతా రాలేదు.

నా దగ్గరున్న బాణం డంక్ (బంతిని పైనుంచి నేరుగా రింగులోకి దిగ్గొట్టడం) నిషేధం. ఆల్సిండర్ ఆడిన మొదటి ఏడాది ముగిసీ ముగియగానే, 1967-68 నుంచి కాలేజీ ఆటలో డంక్ కొట్టకూడదని నిబంధన తెచ్చారు. నిబంధనలో అతని పేరు లేదు, ఉండదు కూడా. ఎవరి కోసమో అందరికీ తెలుసు. ఏడడుగుల రెండంగుళాల మనిషి చేతిలోంచి అతి తేలికైన షాట్ లాగేసుకుంటే అతను ఏంచేశాడు? ఒంటిచేత్తో తలమీదుగా వంపుగా వేసే హుక్ షాట్‌కు పదును పెట్టుకుని ఇంకో రెండు టైటిళ్లు పట్టుకుపోయాడు. ఈ మాట అన్నానో లేదో పెద్దాయన అందుకున్నారు: "ఆ నిషేధం 1976 దాకా ఉంది. వాల్టన్ కాలేజీలో ఆడిన ప్రతి ఆటా దాని కిందే ఆడాడు." నిజమే. కాని నిషేధం ఉన్న ఆటలోకి అడుగుపెట్టడం వేరు, తన మూలంగా నిషేధం పుట్టడం వేరు. నేను పట్టుబట్టేది అక్కడే. ఒక ఆటగాడిని ఆపడం ఎదుటి జట్ల వల్ల కాక, నిబంధనల కమిటీ కూర్చోవలసి వచ్చిందంటే అంతకు మించిన బిరుదు ఇంకేం కావాలి?

ఈ కొలబద్దతో చూస్తే బిల్ రస్సెల్ పైకి లేస్తాడు, దానికి నాకు అభ్యంతరం లేదు. 1955, 56ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయానికి వరసగా రెండు టైటిళ్లు. బాస్కెట్ ముందరి గీతల మధ్య స్థలాన్ని 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచడం వెనక ఉన్నది అతనే. అప్పట్లో అడ్డుకున్న షాట్లను లెక్కపెట్టే పద్ధతే లేదు. రస్సెల్ ఎన్ని ఆపాడో ఏ పుస్తకంలోనూ దొరకదు, అందుకే ఈ వాదనల్లో అతని వాటా ఎప్పుడూ తక్కువే పడుతుంది.

విల్ట్ ఛాంబర్లిన్ పేరెత్తగానే పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఈ ఊళ్లల్లో 1957 ఫైనల్ గురించి చెప్పేటప్పుడు ఎవరూ తొందరపడరు. కాన్సస్ తరఫున ఏడడుగుల విల్ట్. ఆట మొదట్లో బంతి పైకి విసిరేటప్పుడు అతనికి ఎదురుగా నార్త్ కరోలినా కోచ్ ఫ్రాంక్ మెక్‌గ్వైర్ ఎవరిని పంపాడు? టామీ కెర్న్స్‌ని. ఆరడుగులు కూడా లేని గార్డును, రింగుకు దూరంగా బంతి నడిపించేవాడిని! బంతి ఎలాగూ దక్కదు, కనీసం వాడి మనసులో ఏదో ఒకటి కదిలిద్దామని. మూడు అదనపు సమయాలు ఆడి 54-53తో నార్త్ కరోలినా గెలిచింది, ఆ ఏడాది 32 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. ఓడిన విల్ట్‌కే ఉత్తమ ఆటగాడి గౌరవం దక్కింది. అయినా జాబితాలో అతన్ని పైన పెట్టడానికి నాకు చెయ్యి రాదు, ఎందుకంటే రెండేళ్లు ఆడి వెళ్లిపోయాడు. అతని పేరు వినగానే మనకు గుర్తొచ్చే 100 పాయింట్ల రాత్రి ఎన్.బి.ఏ. అనే వృత్తి ఆటగాళ్ల లీగ్‌లోది, దాన్ని ఇక్కడ జమ కట్టకూడదు. ఇలాంటి చర్చల్లో సగం గొడవ ఇందువల్లే: కాలేజీ ఆట గురించి మాట్లాడుతున్నామంటూనే, తర్వాత వాళ్లేమయ్యారో తెలిసిన కళ్లతో చూస్తాం. ఆ కళ్లు మూసుకుంటే వర్జీనియా విశ్వవిద్యాలయం సెంటర్ రాల్ఫ్ శాంప్సన్ ఎంత పెద్దవాడో కనిపిస్తుంది. వరసగా మూడేళ్లు దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడు. టైటిల్ మాత్రం లేదు. పైగా 1982 డిసెంబరులో హోనోలులులో చామినాడ్ అనే చిన్న కాలేజీ చేతిలో ఓటమి. పాపం, ఆయన పేరు తలిస్తే ఆ ఓటమినీ తలవకుండా ఎవరూ ఉండరు.

ఇంటికొచ్చాక బావమరిదికి ఫోను చేశాను. వాడు చదివింది హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో. ఇప్పుడుండేది డల్లాస్ దగ్గరైనా ప్రాణమంతా అక్కడే. ఆల్సిండర్ మాట వినగానే "బావా, మా హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ స్టేడియంలో ఆట మరిచిపోయారా?" అన్నాడు. మరిచిపోనిస్తే కదా! 1968 జనవరి 20, యాభై రెండు వేలకు పైగా జనం, ఎల్విన్ హేస్ 39 పాయింట్లు, హ్యూస్టన్ 71-69. యు.సి.ఎల్.ఏ. 47 ఆటల జైత్రయాత్రకు అక్కడ తెరపడింది. ఆల్సిండర్ కంటికి దెబ్బ తగిలి ఉంది, 15 పాయింట్లే చేశాడు అన్నాను. "దెబ్బలు తగిలితే స్కోరు మార్చరు బావా" అన్నాడు. సరే, ఆ మార్చిలోనే సెమీఫైనల్లో మళ్లీ తలపడితే 101-69 అయిందిగా, ఆ స్కోరూ మార్చరు కదా అన్నాను. కాసేపు మౌనం. తర్వాత హ్యూస్టన్‌కే ఆడిన సెంటర్ ఒలాజువాన్‌ను తీసుకొచ్చాడు, నేను 1983లో వాళ్లు ఓడిన ఫైనల్ గుర్తుచేశాను. ఈసారి గెలిచింది మా రాలీ జట్టు ఎన్.సి. స్టేట్. ఫోను మా ఆవిడ లాక్కుని తమ్ముడి పిల్లల సంగతులు అడగడం మొదలుపెట్టింది కాబట్టి బతికిపోయాడు.

భోజనాల దగ్గర అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇప్పటివాళ్లు ఒక్కరూ లేరా మీ లిస్టులో?" పర్డ్యూ విశ్వవిద్యాలయం జాక్ ఈడీ ఉన్నాడన్నాను. ఏడడుగుల నాలుగంగుళాల మనిషి, నాలుగేళ్లూ కాలేజీలోనే ఆడాడు, 2023లో, 24లో దేశంలో ఉత్తమ ఆటగాడు. ఫైనల్లో 37 పాయింట్లు చేసినా కనెక్టికట్ చేతిలో ఓడాడు. మొదటి అయిదుగురిలో పెట్టను గాని, ఒక్క ఏడాది ఆడి డబ్బు కోసం వెళ్లిపోయే ఈ కాలంలో నాలుగేళ్లు నిలబడ్డవాడంటే నాకు గౌరవం. ఆ లెక్కన విన్‌స్టన్-సేలంలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లూ ఉండి 1997లో డిగ్రీ పట్టుకుని వెళ్లిన టిమ్ డంకన్‌కు అయిదో స్థానం ఇచ్చాను. ఆ ఊరు ఇక్కడికి గంటన్నర దూరమే, కొంచెం స్థానికాభిమానం ఉందంటే ఒప్పుకుంటాను. ఆల్సిండర్, వాల్టన్, రస్సెల్, ప్యాట్రిక్ యూయింగ్, డంకన్. యూయింగ్ జార్జ్‌టౌన్‌ను నాలుగేళ్లలో మూడుసార్లు ఫైనల్‌కు చేర్చాడు, ఒకటి గెలిచాడు; 1985లో విల్లనోవా 28 షాట్లకు 22 వేస్తుంటే రింగు కింద నిలబడ్డవాడు మాత్రం ఏం చేస్తాడు?

జాబితా బావమరిదికి పంపాను. హేస్ ఎక్కడని జవాబు. ఫార్వర్డ్‌గా కూడా ఆడినవాడిని సెంటర్ల పంక్తిలో కూర్చోబెట్టనని రాశాను. అయితే ఫార్వర్డ్‌ల జాబితా రేపు రాద్దాం బావా, రెండు స్థానాల్లోనూ ఆడిన డ్యూక్ లేట్నర్‌ను ఎటువైపు వేస్తారో చూస్తాను అన్నాడు.