యుద్ధఖైదీగా ఉన్న నేవీ పైలట్ సర్వీసు ఫైలు: నా అనుభవం

అమెరికాలో మేం ఉండే వీధిలోని ఒక పెద్దావిడ తండ్రి నేవీ పైలట్. వియత్నాం యుద్ధంలో ఆయన విమానం కూలింది. హనోయ్‌లోని ‘హోవా లో’ అనే జైల్లో ఏళ్ల తరబడి ఉండి, 1973లో విడుదలయ్యారు. ఆయన పోయాక సర్వీసు ఫైలు తెప్పించుకోవాలని ఆవిడ కోరిక. ఆ పనిలో నేను తోడున్నాను.

అలాంటి పాత ఫైళ్లు సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్లో ఉంటాయి. 1973 జులైలో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగిందని తెలిసి ఆవిడ బాగా టెన్షన్ పడ్డారు. కాలినవి ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లు. నేవీవి దక్కాయి.

సర్వీసు ముగిసి 62 ఏళ్లు దాటితే ఫైలు ఎవరైనా అడగొచ్చు. ఈలోపు సైనికుడు చనిపోతే పూర్తి ఫైలు దగ్గరివాళ్లకే ఇస్తారు: మళ్లీ పెళ్లి చేసుకోని జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు. మనవలకు ఆ హక్కు లేదు. అందుకే దరఖాస్తు ఆవిడ పేరునే పెట్టాం. ఎస్‌ఎఫ్-180 ఫారం మీద సంతకం, దానికి జతగా మరణ ధ్రువపత్రం ఉండాలి. ఆన్‌లైన్‌లోనూ అడగొచ్చు. ‘పూర్తి ఫైలు కావాలి’ అని స్పష్టంగా రాయండి, లేకపోతే డీడీ-214 అనే డిశ్చార్జి పత్రం ఒక్కటే రావచ్చు.

ఫైల్లో పోస్టింగులు, పై అధికారుల నివేదికలు ఉన్నాయి. ఆవిడ ఆగిపోయింది మాత్రం ప్రమోషన్ కాగితాల దగ్గర. వాటి తేదీలు నాన్న జైల్లో ఉన్న ఏళ్లవి! పట్టుబడినవాళ్లు సర్వీసులో ఉన్నట్టే లెక్క. జీతం, సీనియారిటీ ఆగవు. ఉదాహరణకు, ఎవరెట్ అల్వారెజ్ అనే మరో నేవీ పైలట్ 1964 ఆగస్టు 5న పట్టుబడినప్పుడు లెఫ్టినెంట్ జూనియర్ గ్రేడ్. 1973 ఫిబ్రవరి 12న విడుదలయ్యేసరికి దానికి రెండు మెట్లు పైనున్న లెఫ్టినెంట్ కమాండర్. కాళ్లకు ఇనుప సంకెళ్లతో మనిషి అక్కడ, పెరుగుతున్న హోదా ఇక్కడ. ఆ కాగితాలు చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది.

జైల్లో ఏం జరిగిందో ఆ ఫైల్లో దాదాపు లేదు. విమానం కూలిన రోజు ఆయన పనిచేసిన యుద్ధనౌక ఎక్కడుందో తెలుసుకోవడానికి అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఆ యుద్ధకాలపు డెక్ లాగ్‌లు, అంటే ఓడల రోజువారీ రికార్డులు, చూశాం.

యుద్ధఖైదీల పతకానికి చట్టం 1985లో వచ్చింది. అంతకుముందు ఖైదీలైనవాళ్లకూ అది వర్తిస్తుంది. తండ్రిది ఇంట్లో ఎక్కడా దొరకలేదు. పతకాలు కూడా అదే ఫారంతో అడగొచ్చు కాబట్టి ఇప్పుడు ఆవిడ రెండో దరఖాస్తు నింపుతున్నారు.